జీబ్రాకు చారలెందుకు?

జీబ్రా వెంట్రుకలు గొరిగి చూస్తే కింద చర్మం నల్లగా ఉంటుంది. మరి ఆ తెల్ల చారలెందుకు? సింహం కళ్లు గప్పడానికని చాలాకాలం అనుకున్నారు. గట్టి ఆధారాలు మాత్రం జోరీగల వైపు చూపిస్తున్నాయి. పశువుల చుట్టూ జుయ్యిమని తిరిగి రక్తం పీల్చే ఈగలే అవి. ఆఫ్రికాలో కుట్టే ఈగలు ప్రాణం తీసే రోగాల్నీ మోసుకొస్తాయి.

2019లో శాస్త్రవేత్త టిమ్ కారో బృందం ఇంగ్లండ్‌లో మామూలు గుర్రాలకు చారల దుప్పట్లు కప్పి చూసింది. జోరీగలు దగ్గరదాకా వచ్చినా దుప్పటి మీద చాలా తక్కువగా వాలాయి. దుప్పటి లేని తల మీద మాత్రం ఎప్పటిలాగే వాలాయి! జీబ్రాల దగ్గరైతే అవి వేగం తగ్గించుకోకుండా దూసుకొచ్చి, ఒంటికి తగిలి ఎగిరిపోయాయి. చారలు వాటి చూపును తికమక పెడతాయన్నమాట.

ఏ రెండు జీబ్రాల చారలూ ఒకేలా ఉండవు. పిల్ల పుట్టగానే తల్లి కొన్నాళ్లు ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. తన చారలు, వాసన, గొంతు బిడ్డకు బాగా గుర్తుండాలిగా! అప్పుడు పిల్ల చారలు గోధుమ రంగులో, బొచ్చుబొచ్చుగా ఎంత ముద్దుగా ఉంటాయో.

ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో ఒక మగ జీబ్రా, కొన్ని ఆడ జీబ్రాలు, పిల్లలు ఒక కుటుంబం. తీరికవేళ రెండు జీబ్రాలు పక్కపక్కనే, ఎదురు దిక్కులకు తిరిగి నిలబడి, ఒకదాని వీపు మీద ఒకటి తల ఆన్చుకుంటాయి. అలా నిలబడితే రెండు దిక్కులా కాపలా, తోకలతో ఒకదాని ముఖం మీది ఈగల్ని ఇంకొకటి తోలడం, రెండూ జరిగిపోతాయి.