సైలెన్సర్‌లో పటాకలు: అపోహలు – వాస్తవాలు

సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా దాకా పోయే 161వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది పిట్లం. లారీలు, ట్రాక్టర్లు, బొలెరోల మోతకు అలవాటు పడ్డ ఆ ఊరికి ఇప్పుడు ఇంకో చప్పుడు తోడైంది. సైలెన్సర్ మార్చిన బుల్లెట్టో, హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చిన పెట్రోలు కారో వేగంగా వస్తుంది. ఎక్సలేటర్ వదలగానే వెనక నుంచి పటపటమని పటాకలు పేలుతాయి. నడిపే పిల్లవాడికి అది పవరు. పక్కన కూర్చున్న తండ్రికి ఇంజను పోయిందన్న భయం. "పెట్రోల్ల కల్తీ ఉందన్నా, బంకు మార్చు" అని చెప్పేవాళ్లూ ఉంటారు.

ఈ మూడు మాటలూ పక్కదారి పట్టించేవే. పేలుడు ఎప్పుడు వస్తోంది, ఎక్కడి నుంచి వస్తోంది అన్నది పట్టించుకుంటే కారణం చాలావరకు తెలిసిపోతుంది. ఎక్సలేటర్ వదిలినప్పుడా, తొక్కినప్పుడా, స్టార్ట్ చేస్తున్నప్పుడా? వెనక గొట్టంలోంచా, బానెట్ కింది నుంచా? మెకానిక్ దగ్గరికి పోయి "బ్యాక్‌ఫైర్ కొడుతోంది" అని మాత్రం చెబితే ఆయన ప్లగ్గులు మార్చి పంపిస్తాడు. ఈ నాలుగు ముక్కలూ చెప్పగలిగితే ఆయన వెతుకులాట తగ్గుతుంది, మీ డబ్బూ మిగులుతుంది.

ముందు పేలుడు సంగతి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ పాళ్లు బాగా తప్పినా, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ సరిగ్గా పడకపోయినా సిలిండర్‌లో కాలాల్సిన పెట్రోలు ఆవిరి కాలకుండానే ఎగ్జాస్ట్ వాల్వు దాటి గొట్టంలోకి వచ్చేస్తుంది. అక్కడ దానికి గాలి తగిలి, వేడి తోడైతే భగ్గుమంటుంది. ఇంజనుకు ఆనుకుని ఉండే బెండు పైపు కొన్ని వందల డిగ్రీల మీద ఉంటుంది కాబట్టి వేడికి కొదవలేదు. కాలని పెట్రోలూ దానికి సరిపడా గాలీ ఎక్కడి నుంచి వచ్చాయన్నదే తేల్చుకోవాల్సింది.

అపోహ: పటాకలు పేలుతున్నాయంటే పవర్ పెరిగినట్టే

బండిని ముందుకు తోసేది పిస్టన్ మీద పడే ఒత్తిడి. పిస్టన్‌ను దాటి గొట్టంలోకి వచ్చాక కాలిన పెట్రోలు చక్రానికి ఏమీ ఇవ్వదు. పైగా ఈ పేలుళ్లు ఎక్కువగా వినిపించేది ఎక్సలేటర్ వదిలినప్పుడు. ఆ క్షణంలో ఇంజను బండిని లాగడం లేదు, బండే ఇంజనును లాగుతోంది. అంటే పవర్ అసలే లేని వేళ వచ్చే చప్పుడును పవర్ అనుకుంటున్నాం.

ఈ నమ్మకానికి మూలం ర్యాలీ కార్లు. డ్రైవర్ ఎక్సలేటర్ వదిలినా టర్బో తిరుగుతూనే ఉండాలని ఆ కార్లలో కావాలనే ఎగ్జాస్ట్ దగ్గర పెట్రోలు మండిస్తారు. మలుపు దాటి మళ్లీ తొక్కగానే ఆలస్యం లేకుండా పికప్ అందుతుంది. దానికి టర్బో, పైపులు త్వరగా అరిగిపోతాయని వాళ్లకు తెలుసు, మార్చుకుంటారు కూడా. టర్బోయే లేని స్విఫ్ట్‌లో అదే చప్పుడు తెప్పిస్తే ఖర్చు ఒక్కటే మిగులుతుంది.

అపోహ: కొత్త సైలెన్సరే పేలుళ్లు పుట్టిస్తోంది

ఇందులో కొంత నిజముంది. కంపెనీ సైలెన్సర్ లోపల గదులు, అడ్డుపలకలు, చప్పుడును మింగే దూది లాంటి పదార్థం ఉంటాయి. చిన్న చిన్న పేలుళ్లు అంతకుముందు కూడా ఉండి ఉండొచ్చు, అవి బయటికి వినపడేవి కావు. లోపల ఏమీ లేని బోలు గొట్టం బిగించగానే అన్నీ వినిపిస్తాయి. కొన్ని బండ్ల విషయంలో కొత్తగా జరిగింది అంతే.

చాలా బండ్లలో మాత్రం అసలు తప్పు సైలెన్సర్‌లో ఉండదు, దాన్ని బిగించిన చోట ఉంటుంది. పాత పైపు విప్పినప్పుడు అతుకు దగ్గరి గాస్కెట్ నలిగిపోతుంది. దాని ధర తక్కువే. అయినా "నడుస్తుందిలే" అని పాతదే పెట్టి బోల్టులు బిగిస్తారు. వెల్డింగ్ చేసి అతికిస్తే ఎక్కడో ఒక సూదిబెజ్జం మిగిలిపోతుంది. పొగ లోపలి నుంచి బయటికే కదా తోసుకొచ్చేది, బెజ్జం ఉంటే కాస్త పొగ కారుతుంది తప్ప ఏమవుతుంది అనిపిస్తుంది. అలా కాదు. ఎగ్జాస్ట్ పొగ ఒకే ధారగా రాదు, వాల్వు తెరుచుకున్నప్పుడల్లా ఒక తోపుగా వస్తుంది. తోపుకూ తోపుకూ మధ్య గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గుతుంది. అప్పుడు ఆ బెజ్జం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. గొట్టంలో కాలని పెట్రోలు ఉంటే, అందకుండా ఉన్న గాలి అలా అందినట్టే.

కారులో దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ఆక్సిజన్ సెన్సార్‌కు ముందున్న అతుకు కారుతుంటే, లోపలికి దూరిన బయటి గాలిని సెన్సార్ ఇంజను మిగిల్చిన గాలిగా లెక్కేస్తుంది. గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలడం లేదని ఇంజనును నడిపే కంప్యూటర్‌కు చెబుతుంది. అది నమ్మి కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. అవసరం లేని పెట్రోలు గొట్టంలోకి చేరి పేలుళ్లు ఎక్కువవుతాయి, మైలేజ్ పడిపోతుంది. ఒక పాత గాస్కెట్‌తో మొదలైన ఈ తప్పుకు కొత్త ప్లగ్గులు, కొత్త కాయిళ్లు, ఇంజెక్టర్ క్లీనింగ్ అంటూ బిల్లు పెరుగుతూ పోతుంది. సైలెన్సర్ మార్చిన రోజు నుంచే చప్పుడు మొదలైతే ముందు చూడాల్సింది అతుకులే.

పెట్రోలు కల్తీ మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. పాడైన పెట్రోలుతో మిస్సింగ్ రావచ్చు. అయితే అది ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు కూడా తెలుస్తుంది. సరిగ్గా సైలెన్సర్ మార్చిన రోజునే బంకులో కల్తీ మొదలవదు కదా.

అపోహ: బ్యాక్ ప్రెజర్ పోయింది, అందుకే పేలుతోంది

ఇది మెకానిక్‌ల నోటా బాగా వినిపిస్తుంది. ఏ ఇంజనూ పొగకు అడ్డు కావాలని కోరుకోదు. దానికి కావలసింది పొగ తగిన వేగంతో, తగిన సమయానికి బయటికి పోవడం. గొట్టం మరీ లావైతే తక్కువ వేగాల్లో పొగ నెమ్మదించి, కింది గేర్లలో లాగుడు తగ్గుతుంది. దాన్నే బ్యాక్ ప్రెజర్ పోవడంగా చెప్పుకుంటున్నారు.

పేలుడుకు అసలు కారణం పెట్రోలు–గాలి పాళ్లు మారిపోవడం. 2020కి ముందు వచ్చిన కార్బురేటర్ బుల్లెట్ 350ని తీసుకోండి. ఎక్సలేటర్ వదలగానే కార్బురేటర్ మూసుకుంటుంది, సన్నటి ఐడిల్ దారి గుండా వచ్చే కొద్ది పెట్రోలు మాత్రమే మిగులుతుంది. ఆ మిశ్రమం మరీ పలచనైతే సిలిండర్‌లో అంటుకోదు. పలచన కాబట్టి పెట్రోలు తక్కువే, అయినా అంతా కాలకుండా గాలితో సహా గొట్టంలోకి పోతుంది. తర్వాతి మంట తగలగానే పేలుతుంది. ఇలాంటి బండికి ఇందోరి సైలెన్సరో, పంజాబ్ సైలెన్సరో తగిలించి కార్బురేటర్‌లోని జెట్టు, ఎయిర్ స్క్రూ ముట్టుకోకుండా వదిలేస్తే మిశ్రమం ఇంకా పలచనవుతుంది. వాటిని సరిచేస్తే చాలా బండ్లలో పటాకలు ఆగిపోతాయి.

కొన్ని బైకుల్లో కాలని పెట్రోలును మండించి పొగ శుభ్రం చేయడానికి ఎగ్జాస్ట్ పోర్టులోకి బయటి గాలి పంపే ఒక చిన్న గొట్టం కంపెనీయే పెడుతుంది. ఎక్సలేటర్ వదిలినప్పుడు వినిపించే చిన్న పటపటల్లో కొన్ని దాని వల్లే. అది జబ్బు కాదు. దాన్ని మూసేస్తే చప్పుడు తగ్గుతుంది, పొగలో విషం పెరుగుతుంది.

ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్ల లెక్క వేరు. గేరులో వేగంగా పోతూ ఎక్సలేటర్ పూర్తిగా వదిలితే కంప్యూటర్ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. పెట్రోలే రానప్పుడు పేలడానికి ఏముంటుంది? అందుకే కారు ఎక్సలేటర్ వదిలినప్పుడు పెద్దగా పేలుతోందంటే మూడిట్లో ఒకటి అనుమానించాలి. ఇంజెక్టర్ కారుతుండొచ్చు. అతుకు లీకు వల్ల పెట్రోలు పాళ్లు తప్పి ఉండొచ్చు. లేదా ఎవరో కంప్యూటర్‌లో మ్యాప్ మార్చి, ఆ సమయంలో కూడా పెట్రోలు వచ్చేలా, నిప్పురవ్వ ఆలస్యంగా పడేలా చేసి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారులో ఈ మూడోది ఎక్కువ అనుమానించదగ్గది. పాత యజమాని డబ్బిచ్చి చేయించుకున్న పని కొత్త యజమానికి జబ్బులా కనిపిస్తుంది.

డీజిల్ బండ్లకు ఈ గొడవ చాలావరకు లేదు. వాటిలో ప్లగ్గు లేదు, ఎక్సలేటర్ వదిలితే డీజిల్ చల్లడం ఆగుతుంది. బొలెరోకు బోలు సైలెన్సర్ వేస్తే దక్కేది మోత.

అపోహ: తాళం ఆఫ్ చేసి ఆన్ చేస్తే బండికేం కాదు

బుల్లెట్ మీద పోతూ ఎక్సలేటర్ తిప్పి ఉంచి, స్విచ్ ఒక్క క్షణం ఆపి మళ్లీ వేస్తారు. ఆపిన ఆ క్షణంలో నిప్పురవ్వ లేదు. చక్రం ఇంజనును తిప్పుతూనే ఉంటుంది కాబట్టి కార్బురేటర్ నుంచి పెట్రోలు, గాలి కలిసి నేరుగా సైలెన్సర్ నిండా చేరతాయి. స్విచ్ వేయగానే అదంతా ఒక్కసారిగా అంటుకుని తుపాకీ పేలినట్టు ఢామ్మంటుంది. సైలెన్సర్ అతుకు చీలిపోయేది ఇలాంటప్పుడే.

బండి సంగతి అటుంచితే, దీన్ని తమాషాగా చూడడం నాకు చేతకాదు. బాన్సువాడ, బిచ్కుంద వైపు ఊళ్ల మధ్య రోడ్ల మీద పశువులు నడుస్తుంటాయి. పొలం నుంచి వచ్చే ముసలివాళ్లు నడుస్తుంటారు. బెదిరిన ఎద్దు ఎటు దూకుతుందో దాని పగ్గం పట్టుకున్న మనిషికి కూడా తెలియదు. చంకలో ఉన్న పసిబిడ్డ చెవి ఆ చప్పుడుకు సిద్ధంగా ఉండదు.

అపోహ: కన్వర్టర్ తీసేస్తే ఇంజను హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది

కెటలిటిక్ కన్వర్టర్ అంటే సన్నటి గళ్లున్న దిమ్మ. ఆ గళ్ల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. వేడెక్కాక విషవాయువులను మారుస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన బీఎస్–6 ప్రమాణాలు అందుకోవడానికి ఇదే ఆధారం. పేలుళ్లకూ దీనికీ పడదు. కాలని పెట్రోలు గొట్టంలోనే కాదు, కన్వర్టర్ లోపల కూడా మండుతుంది. వేడి 900–1,000 డిగ్రీలు దాటితే పూత దెబ్బతింటుంది, ఇంకా పెరిగితే గళ్లు కరిగి మూసుకుపోతాయి. అప్పుడు పొగ పోయే దారి లేక పికప్ పడిపోతుంది. "కన్వర్టర్ పాడైంది, తీసేద్దాం" అంటారు. పాడు చేసిన మిస్సింగ్ మాత్రం అలాగే ఉంటుంది. తీసేసిన చోట బోలు గొట్టం పెట్టాక పటాకలు ఇంకా గట్టిగా వినిపిస్తాయి, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. తీసిన డబ్బాను తుక్కు కింద వదిలేసి రాకండి, ఆ లోహాలకు మంచి ధర పలుకుతుంది. కారుకు తిరిగి కొత్తది కొనాలంటే ఆ ధర ఏమిటో తెలుస్తుంది.

బానెట్ కింద పేలితే

ఇది అన్నిటికన్నా పట్టించుకోవాల్సింది. సీఎన్‌జీ, ఎల్పీజీ కిట్టు బయట వేయించిన కార్లలో కొన్నిసార్లు పేలుడు ముందు వైపు వస్తుంది, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత ఎగిరిపోతుంది. పాతకాలపు మిక్సర్ కిట్లలో గ్యాసు, గాలి కలిసి ఇన్‌టేక్ గొట్టం నిండా ఉంటాయి. మంట ఇన్‌టేక్ వాల్వు సందులోంచి వెనక్కి తన్నితే గొట్టం మొత్తం అంటుకుంటుంది. గ్యాసు మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి. అరిగిన ప్లగ్గు పెట్రోలు మీద బాగానే నడిచి, గ్యాసు మీద తప్పుతుంది. వాల్వు సీట్లు అరిగి, వాల్వు సరిగా మూసుకోకపోయినా ఇదే జరుగుతుంది. కాబట్టి గ్యాసు కారులో ప్లగ్గులు, ఫిల్టర్, వాల్వు క్లియరెన్స్ చూపించడం పెట్రోలు కారు కన్నా ముందే జరగాలి. ఒక్కసారి ముందు వైపు పేలినా పెట్రోలు మీదకు మార్చుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

"దుకాణంలో బిల్లు ఇచ్చే అమ్మారు, తప్పేముంది?"

అమ్మడం వేరు, రోడ్డు మీద బండికి తగిలించి తిప్పడం వేరు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ సంగతినే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా ఉంటుంది, లైసెన్సు మూడు నెలలు పోవచ్చు. తెలంగాణ పట్టణాల్లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు చూసే ఉంటారు.

కొత్త బండికి అనుమతి ఇచ్చే పరీక్షలో కారు 74 డెసిబెల్స్, 175 సీసీ దాటిన బైకు 80 డెసిబెల్స్ దాటకూడదు. 80 నుంచి 90కి పెరగడం పది అంకెల తేడాగా కనిపిస్తుంది. నిజానికి శబ్దశక్తి పది రెట్లవుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందని ధైర్యపడడమూ కుదరదు. పెట్రోలు బండికి అది నిలబెట్టిన బండి పొగను చూస్తుంది, పరుగెత్తే బండి చప్పుడును చూడదు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడడానికి వెళ్లండి. స్టార్ట్ చేయించి, వెనక గొట్టం మూతికి మందపాటి తడి గుడ్డను కొన్ని సెకన్లు అడ్డంపెట్టి, కింద అతుకుల దగ్గర చెవి పెట్టమని తోడు వచ్చినవాళ్లకు చెప్పండి. లీకు ఉంటే బుస్సుమని వినిపిస్తుంది. టార్చి వేసి చూస్తే అతుకు చుట్టూ నల్లటి మసి చార కనిపిస్తుంది. కంపెనీ సైలెన్సర్, కన్వర్టర్ ఎక్కడున్నాయో అమ్మేవాళ్లను అడగండి. ఇంట్లో పడి ఉన్నాయంటే బేరం కుదరకముందే వాటినీ బండితో పాటు ఇప్పించుకోండి. లేవంటే, కొత్తవాటి ధర షోరూమ్‌లో కనుక్కుని ఆ మేరకు తగ్గించమనండి.