ఇంజన్ లేని బండికి నంబర్ ఎందుకు?

పోయిన సెలవుల్లో ఊరెళ్తే, మా బాబాయ్ వెల్డింగ్ షాపులో ట్రాక్టర్ ట్రాలీ చేయించే ప్లాన్‌లో ఉన్నాడు. "ఇనుము మనమే కొనిస్తే బోలెడు మిగులుద్ది రా" అన్నాడు. నాకు కోడింగ్ తప్ప ఏమీ రాదు. అందుకే రూల్స్ చదివాను.

"దానికి ఇంజనే లేదు, రిజిస్ట్రేషన్ దేనికి?" అని నేనూ అనుకున్నా. కానీ 1988 మోటారు వాహనాల చట్టంలో "మోటారు వాహనం" అనే నిర్వచనంలోనే ట్రైలర్ కూడా ఉంది. అంటే దానికి వేరే ఛాసిస్ నంబర్, వేరే రిజిస్ట్రేషన్ కావాలి. ట్రాక్టర్‌కి ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఊరుకోకుండా, పాలసీలో ట్రాలీని కూడా చేర్పించాలి. డిజైన్‌కి పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ ఆమోదం ఉండాలి. అది లేని షాపులో చేయిస్తే రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతాం. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆ కాగితం అడగాలి.

ఇక సేఫ్టీ. బ్రేకులు లేని ట్రాలీ లోడుతో పల్లం దిగితే, వెనక నుంచి ట్రాక్టర్‌నే తోసేస్తుంది. హుక్కు పిన్ను ఊడకుండా లాక్ ఉండాలి. రాత్రి రోడ్డు పక్కన ఆపితే వెనక వచ్చేవాళ్లకి కనబడేది ఎర్ర రిఫ్లెక్టర్లే.

అన్నిటికంటే ముఖ్యం, ట్రాలీ సరుకుకే, మనుషులకి కాదు. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. అందులో దాదాపు అందరూ ఆడవాళ్లే.

ఇది చెప్పాక బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. మా పిన్ని కూడా పత్తి ఏరడానికి ట్రాలీలోనే వెళ్తుంది. తర్వాత, "ఆ కాగితం ఉన్న షాపు ఎక్కడుందో చూడు" అన్నాడు.