కూలెంట్‌ తగ్గుతోందా.. ఘాట్‌ ఎక్కకముందే చూసుకోండి

దోర్నాల: ఎండలు ముదిరాయంటే దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌ రోడ్డులో బానెట్‌ ఎత్తి నిలిపిన కార్లు తరచూ కనిపిస్తుంటాయి. సుమారు 50 కిలోమీటర్ల ఈ నల్లమల దారిలో మెకానిక్‌ దొరకడం కష్టం. చాలాచోట్ల సెల్‌ఫోన్‌ సిగ్నల్‌ అందదు. రాత్రివేళ అటవీశాఖ వాహనాలను అనుమతించదు. పిల్లాపాపలతో బయలుదేరిన కుటుంబాలు అడవిలో పడిగాపులు కాయవలసి వస్తుంది. ఇటువంటి లోపాలలో చాలావరకు ముందుగానే ఇంటివద్ద గుర్తించదగినవే. అందుకు ఒక అట్టముక్క, టార్చిలైటు, కాస్త ఓపిక చాలు.

ఖర్చయ్యే ద్రవం కాదు
పెట్రోలు, డీజిలు మాదిరిగా కూలెంట్‌ ఖర్చు కాదు. ఇంజిన్‌, రేడియేటర్‌ మధ్య మూసి ఉన్న మార్గంలో తిరుగుతూ వేడిని బయటకు చేరవేస్తుంది. తరచూ పోయవలసి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్లే. ఉదయం ఇంజిన్‌ చల్లగా ఉన్నప్పుడు బానెట్‌ ఎత్తి చూడాలి. ప్లాస్టిక్‌ డబ్బాపై ఉన్న ‘మిన్‌’, ‘మ్యాక్స్‌’ గీతల మధ్య ద్రవం ఉండాలి. పెన్నుతో గుర్తు పెట్టి, వారం తర్వాత మళ్లీ చల్లగా ఉన్నప్పుడే చూస్తే తగ్గుదల తెలుస్తుంది.

అట్టపై ఆనవాళ్లు
రాత్రి కారు కింద పెద్ద అట్ట పరచి, తెల్లవారి మరకలు గమనించాలి.
* ఆకుపచ్చ, నీలం, గులాబీ, నారింజ రంగుల్లో ఉండి తియ్యని వాసన వస్తే కూలెంట్‌. రేడియేటర్‌ గొట్టాలు, వాటి క్లిప్పులు, వాటర్‌ పంపు వద్ద తడిని, ఎండిన చారలను వెదకాలి.
* గోధుమ లేదా నలుపు రంగు జిడ్డు ఇంజిన్‌ ఆయిల్‌.
* చక్రం లోపలివైపు లేత పసుపు జిడ్డు కనిపిస్తే బ్రేక్‌ ఆయిల్‌ కావచ్చు. కారును కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించాలి.
* రంగు, వాసన లేని నీరు ఏసీది. భయం లేదు.

మరక లేకున్నా తగ్గుతుంటే..
ఇదే ఎక్కువ ప్రమాదకరం. ఇంజిన్‌ వేడెక్కాక కూడా పొగగొట్టం నుంచి తెల్లని పొగ ఆగకపోవడం, ఆయిల్‌ పుల్లపై మీగడ వంటి తెట్టు కనిపించడం హెడ్‌ గ్యాస్కెట్‌ దెబ్బతిన్నదనడానికి సూచనలు. అలక్ష్యం చేస్తే ఇంజిన్‌ విప్పవలసి వస్తుంది. కారు లోపల తియ్యని వాసన వచ్చి, ముందు సీటు వద్ద కాళ్లకింద పట్టా తడిస్తే హీటర్‌ భాగంలో కారుతున్నట్లు.

కొత్త కార్లలో చాలావాటికి ఉష్ణోగ్రత ముల్లు లేదు, ఎర్ర దీపం మాత్రమే ఉంది. కూలెంట్‌ పూర్తిగా కారిపోతే సెన్సర్‌కు ద్రవం తగలక, హెచ్చరిక సరిగా రాకపోవచ్చు. అందుకే కంటితో చూసుకోవడమే మేలు.

ఇవీ చూడాలి
ఇంజిన్‌ ఆన్‌ చేసి ఏసీ వేస్తే చాలా కార్లలో రేడియేటర్‌ ఫ్యాన్‌ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, వైర్లు పరీక్షింపజేయాలి. సెల్ఫ్‌ కొట్టినప్పుడు టకటక శబ్దం మాత్రమే వస్తే బ్యాటరీ బలహీనపడి ఉండవచ్చు, లేదా టెర్మినళ్లకు తెల్లని బూజు పట్టి ఉండవచ్చు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చవలసిందే.

బోరు నీరు వద్దు
బోరు నీటిలోని లవణాలు రేడియేటర్‌ లోపల పేరుకుని దారులు మూసుకుపోతాయి. కూలెంట్‌ మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, తుప్పును అడ్డుకుంటుంది. దానిని సూచించిన పాళ్లలో డిస్టిల్డ్‌ వాటర్‌తోనే కలపాలి. అయితే ఇది విషం. తియ్యగా ఉండటంతో పిల్లలు, పెంపుడు జంతువులు నోట పెట్టుకునే ప్రమాదముంది. కిందపడితే వెంటనే కడిగివేయాలి.

దారిలో వేడెక్కితే..
ఏసీ ఆపి, కారును పక్కకు తీసి ఇంజిన్‌ ఆర్పాలి. కనీసం అరగంట తాకకూడదు. వేడిమీద రేడియేటర్‌ మూత తీస్తే మరుగుతున్న ద్రవం ముఖంపైకి ఎగజిమ్ముతుంది. కాగిన ఇంజిన్‌పై చన్నీళ్లు పోస్తే లోహం పగిలే ప్రమాదముంది. పూర్తిగా చల్లారాక మూతపై గుడ్డ వేసి, నెమ్మదిగా తిప్పి, డబ్బా నింపుకొని సమీపంలోని షెడ్డుకు చేరుకోవాలి. అది కూడా ముల్లు లేదా దీపంపై కన్నేసి ఉంచుతూనే.