వెండి రేకులో లోహబంధము

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు చుట్టుప్రక్కల గల్లీలలో ఒకప్పుడు పగలంతయు సుత్తి దెబ్బలు లయబద్ధముగా వినవచ్చుచుండెడివి. అవి ఇనుము కాచి కొట్టు కమ్మరి దెబ్బలు కావు. చిన్న పుస్తకమువంటి దాని ఆకుల నడుమ వెండి ముక్కలుంచి, దానిని తోలు సంచిలో పెట్టి, రాతిపై ఉంచి పనివారు గంటల తరబడి కొట్టుచుందురు. తుదకు పుస్తకము విప్పి చూచినచో చిన్న వెండి ముక్క ఊపిరి సోకిననే ఎగిరిపోవునంతటి పలుచని రేకుగా మారియుండును. దీనినే వరక్ అందురు. ఈ అరబ్బీ మాటకు ఆకు అని అర్థము. మిఠాయిలపైన, కిళ్ళీలపైన, కొన్ని యునానీ మందులపైన అద్దునది ఈ రేకే. యంత్రములు వచ్చిన పిమ్మట చేతితో వరక్ కొట్టువారి సంఖ్య బాగుగా తగ్గినది.

సుత్తితో కొట్టినచో ఉప్పుగల్లు పొడి యగును, గంధకపు ముక్క పగులును, గాజు బ్రద్దలగును. వెండి మాత్రము పగులక పరచుకొనును. దీనికి కారణమేమి?

రేకు మందము ఎంత?

ఒక చదరపు మీటరు వరక్ 2.8 గ్రాములు తూగినదనుకొందము. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 10.5 గ్రాములు. కావున ఆ రేకు ఘనపరిమాణము 0.267 ఘన సెంటీమీటరు. దీనిని 10,000 చదరపు సెంటీమీటర్ల వైశాల్యముచే భాగించినచో మందము 0.0000267 సెంటీమీటరు, అనగా మిల్లీమీటరులో సుమారు 3,700వ వంతు వచ్చును. మామూలు కాగితమంత మందము కావలెనన్న ఇట్టి రేకులు దాదాపు 370 పేర్చవలెను. వెండిలో పరమాణువులు దట్టముగా పేరుకొన్న పొరల నడుమ దూరము సెంటీమీటరులో సుమారు 4 కోట్లవ వంతు. కావున రేకు మందములో ఇమిడియున్నవి వెయ్యికి కొంచెము పైబడిన పొరలు మాత్రమే. ఇంతగా సాగినను ఆ రేకు తెగలేదు, మెరుపు కోల్పోలేదు.

ఉమ్మడి ఆస్తి

వెండి పరమాణువులో 47 ఎలక్ట్రానులు కలవు. వీనిలో అన్నింటికంటె వెలుపలనున్న ఒక్క ఎలక్ట్రాను వదులుగా ఉండును. వెండి పరమాణువులు ఒకచోట చేరినప్పుడు ఈ వెలుపలి ఎలక్ట్రానులు తమ తమ పరమాణువులను విడిచి ముక్క అంతటను సంచరించును. మిగిలిన భాగములు ధనావేశముగల అయానులై వరుసలు తీరి నిలుచును. ఎలక్ట్రానులు ఏ ఒక్క అయానుకు చెందినవి కావు; ఊరుమ్మడి ఆస్తివలె అందరివి. ఋణావేశముగల ఈ ఉమ్మడి ఎలక్ట్రానులకును, ధనావేశముగల అయానులకును నడుమనున్న ఆకర్షణయే లోహబంధము.

ఉప్పులోని బంధము ఇట్టిది కాదు. అందు సోడియం అయాను ప్రక్కన క్లోరైడు అయాను, దాని ప్రక్కన మరల సోడియం అయాను ఉండును. దెబ్బ తగిలి ఒక వరుస కొంచెము జరిగినచో సోడియము ఎదుటికి సోడియము, క్లోరైడు ఎదుటికి క్లోరైడు వచ్చును. సజాతి ఆవేశములు వికర్షించుకొనుటచే స్ఫటికము పగులును. వెండిలో ఒక పొర మరియొక పొరపై జరిగినను, ప్రతి అయాను చుట్టును అవే ఎలక్ట్రానులుండును. పాత పొరుగువారు పోయి క్రొత్తవారు వచ్చిరి. బంధము మాత్రము తెగలేదు. రేకుగా సాగు స్తరణీయతకును, తీగగా సాగు తాంతవతకును ఇదియే మూలము.

జంబుఖానా ముడత

అయితే ఒక పొరలోని పరమాణువులన్నియు ఒక్కసారిగా జరుగవు. పెద్ద జంబుఖానాను ఒక మూల పట్టి లాగుట కష్టము. ఒక కొనను ముడత చేసి ఆ ముడతను త్రోసికొని పోయినచో జంబుఖానా సులువుగా జరుగును. స్ఫటికములలోను వరుస తప్పిన చోట్లు ఇట్టి ముడతలవలె పనిచేయునని 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ అను మువ్వురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా సూచించిరి.

మితిమీరి కొట్టినచో ఈ ముడతలు ఒకదానితో నొకటి చిక్కుపడును. అప్పుడు లోహము గట్టిపడి పగులును. కంసాలి పని నడుమ వెండిని కాచి చల్లార్చుట ఇందుకొరకే. వేడిచే పరమాణువులు మరల క్రమముగా సర్దుకొనును. వెండిలో రాగి కలిసినను ముడతల దారికి అడ్డు కలుగును, ఏలననగా రాగి పరమాణువు వెండి పరమాణువుకంటె చిన్నది. 1000 భాగములకు 925 మాత్రమే వెండిగల మిశ్రమము ఆభరణములకు తగినంత గట్టిదగును. వరక్ కొట్టుటకు మాత్రము శుద్ధమైన వెండియే కావలెను.

నడుమ ఆకులు ఏల?

పుస్తకమువంటిది లేకుండ వెండి ముక్కలను ఒకదానిపై నొకటి పెట్టి కొట్టినచో ఏమగును? అవి అతుకుకొనిపోవును. దెబ్బకు సాగినప్పుడు క్రొత్త తలములు బయటపడును. శుభ్రమైన రెండు వెండి తలములు గట్టిగా తాకినచో ఇరువైపుల ఎలక్ట్రానులకు ఇది నాది, అది నీది అను భేదముండదు. రెండు ముక్కలు ఒకటే ముక్క యగును. వెండిని సాగించు గుణమే దానిని అతికించు గుణము కూడ. కావుననే ప్రతి ముక్కకును నడుమ ఒక ఆకు అవసరము.

ఈ ఆకులను పూర్వము పశువుల చర్మముతోను, ప్రేగులతోను చేసెడివారు. తినుబండారముపై అద్దు రేకు అట్లు తయారగుటపై శాకాహారులు అభ్యంతరము తెల్పిరి. 2016లో భారత ఆహార భద్రత, ప్రమాణముల ప్రాధికార సంస్థ వెండి రేకు తయారీలో పశుసంబంధమైన పదార్థము వాడరాదని ప్రకటించినది. దీనితో చేతిపనివారికి చిక్కు వచ్చినది. శాస్త్రదృష్టితో చూచినచో చర్మమునకు ప్రత్యేక మహిమ యేమియు లేదు. వెండిని వెండికి తాకనీయక, వేల దెబ్బలకు చినుగక, నున్నగా నిలుచునది ఏదైనను చాలును. కాని ఈ మూడు గుణములు ఒక్కచోట దొరకుటయే కష్టము.

మెరుపు, వేడి, విద్యుత్తు

ఈ ఉమ్మడి ఎలక్ట్రానులే వెండి మెరుపునకు కారణము. కాంతి తాకగానే అవి కంపించి దానిని తిరుగగొట్టును. వెండి అన్ని రంగులను దాదాపు సమానముగా తిరుగగొట్టుటచే తెల్లగా కనబడును. రాగి, బంగారము నీలికాంతిని కొంత గ్రహించుటచే ఎర్రగను పచ్చగను ఉండును. విద్యుత్తును, ఉష్ణమును మోయుటలో లోహములన్నింటిలో వెండియే మొదటిది. ఇరానీ చాయ్‌లో వెండి చెంచా ఉంచినచో పిడి త్వరలోనే వేడెక్కుట అందువలననే. ఎలక్ట్రానులను వాయువులోని అణువులవలె భావించి 1900లో డ్రూడ్ ఈ వాహకతను వివరించెను. ఆయన లెక్కలోని లోపములను 1927 తరువాత సోమర్‌ఫెల్డ్ క్వాంటం సిద్ధాంతముతో సవరించెను.

అసలా, నకిలీయా?

వెండికి బదులు అల్యూమినియం రేకును అద్దుట కలదు. రెండును లోహములే, రెండును మెరయును. కావున కంటితో పోల్చుట కష్టము. తేడా రసాయన గుణములో ఉన్నది. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, పరీక్షనాళికలోని సజల హైడ్రోక్లోరికామ్లములో రేకును వేయవలెను. అల్యూమినియమైనచో కొంతసేపటికి హైడ్రోజను బుడగలు వచ్చి రేకు కరగిపోవును. వెండియైనచో బుడగలు రావు. రేకు అట్లే ఉండును. నాలుగు దుకాణముల మిఠాయిలపైనుండి రేకులు తీసి విద్యార్థులు ఈ పరీక్ష చేసి చూడవచ్చును. గంటల తరబడి సుత్తి పట్టిన పనివాని కష్టమునకు విలువ నిలుచునది, కొనువారు అసలును నకిలీని వేరుపరచగలిగినప్పుడే.