పాత తుపాకి - కొత్త కొయ్య

గోలకొండ కోటలోని పెట్లబురుజు మీద ఫతే రాహ్‌బర్ అనే ఫిరంగి ఈనాటికీ ఉన్నది. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ముట్టడించి కోటను పట్టుకొన్న నాటిది అది. మూడువందల ఏండ్ల ఎండకూ వానకూ దాని లోహము తట్టుకొని నిలిచినది. దానిని మోసిన కొయ్యబండి ఏనాడో మట్టిలో కలిసిపోయినది. చిన్న తుపాకుల సంగతి కూడ ఇంతే. గొట్టము మనుమల కాలము దాక నిలుస్తుంది; కొయ్య తాతగారి కాలములోనే చీలుతుంది, చెద తింటుంది, లేదా ఎవరో సరదాపడి మారుస్తారు. మార్చిన తరువాత ఆ తుపాకి పాత తుపాకియేనా అన్నది ఈనాటి ప్రశ్న.

ఈ ప్రశ్న మ్యూజియములకు మాత్రమే పరిమితమైనది కాదు. గోలకొండకు కొద్ది మైళ్ళ దూరములోనే, 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి, హైటెక్ సిటీ అనే కొత్త పట్టణము పెరిగినది. అక్కడి అంతస్తులలో కాపురమున్న వారిలో జిల్లాలనుండి వచ్చిన కుటుంబాలవారు ఎందరో. ఊరిలోని పాత ఇల్లు అమ్మినప్పుడో, తండ్రిగారు కాలము చేసినప్పుడో, ఇత్తడి సామానుతోపాటు ఒక తుపాకి కూడ బయటపడుట కద్దు. దానిని చూడగానే మొదట కలిగే కోరిక దానికి మెరుగు పెట్టించవలెనని. నష్టము సాధారణముగా అక్కడే మొదలవుతుంది.

తుపాకి కొయ్య అనగానే చేతికి పట్టు ఇచ్చే ఒక కర్రముక్క అని అనుకొంటాము. నిజానికి అది యంత్రములో ఒక భాగము. తుపాకి పేలినప్పుడు పుట్టే వెనుకతన్ను అంతా లోహమునుండి కొయ్యలోనికి, కొయ్యనుండి భుజము మీదికి పోతుంది. కాబట్టి లోహము కూర్చునే గాడిని వడ్రంగి వెంట్రుకవాసి తేడా లేకుండ ఉలితో తొలుస్తాడు. ఆ గాడి ఒకచోట వదులైతే తన్ను అంతా మరొకచోటనే పడి కొయ్య చీలుతుంది. గురి కూడ చెడుతుంది. యూరపులో దీనికి అక్రోటు కొయ్య వాడినారు. అది బరువుకు మించిన బలము కలది, నార ఒద్దికగా ఉండేది, అవిసెనూనెను చక్కగా పీల్చుకొనేది. ఏండ్ల తరబడి చేతి చెమటయు, నూనెయు ఇంకి దానికి వచ్చే నిగారింపును ఏ వార్నీషూ ఒక్కరోజులో తేలేదు.

మూలభాగము, మార్పుభాగము అనే మాటలు పైకి కనిపించినంత సులభమైనవి కావు. బ్రిటిషు సైన్యమువారి లీ-ఎన్‌ఫీల్డు రైఫిలును తీసుకొందాము. దాని కొయ్య రెండు ముక్కలు: భుజమునకు ఆనే మడమ ఒకటి, గొట్టము క్రింద సాగే ముందుకొయ్య ఒకటి. సైనికుల చేతులు ఒక్క పొడవున ఉండవు గనుక మడమలను పొట్టి, మామూలు, పొడుగు అని వేర్వేరు కొలతలలో చేసి, ఆ గుర్తు కొయ్య మీదనే వేసేవారు. అంటే ఒక సైనికుని చేతినుండి మరొకని చేతికి పోయినప్పుడు ఆయుధశాలలోనే మడమ మారిపోవచ్చును. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారమువారు మన ఉష్ణదేశములో ముందుకొయ్య చీలకుండ దానిలో అడ్డముగా ఒక మరమేకు బిగించినారు. తెలియనివారు దానిని నాటు మరమ్మతు అని తీసివేయింప జూస్తారు. అది చరిత్ర వేసిన ముద్ర. సైన్యపు కార్ఖానాలో మారిన కొయ్య ఆ తుపాకి జీవితములో ఒక భాగము. నిన్న మొన్న బజారులో కొని తగిలించిన కొయ్య అటువంటిది కాదు. సేకర్తలు ఈ భేదమును ఎంతో పట్టుదలతో పాటిస్తారు, ఆ పట్టుదలలో న్యాయము ఉన్నది.

మన దేశములో 303 రైఫిలు పౌరులకు నిషిద్ధము. అందువల్ల హైదరాబాదు ఇండ్లలో దానికి దగ్గరి బంధువైన 315 రైఫిలు కనబడుతుంది. సైనికుల తూటా పౌరుల చేత పడరాదని ఆనాటి ప్రభుత్వము నియమము పెట్టగా, ఇంగ్లండులోని బి.ఎస్.ఏ. కంపెనీవారు అదే యంత్రాంగమును వేరే తూటాకు అమర్చి వేటరైఫిలుగా పంపినారు. తరువాత ఇషాపూరులోను అటువంటివి తయారైనవి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి సంగతి వేరు. ఇషాపూరు రైఫిళ్ళు వాడుక తీరిన సైనిక సామగ్రిగా అక్కడికి ఎగుమతియై, చట్టబద్ధముగా అమ్ముడుపోయినవి. వాటికి ప్లాస్టిక్కు కొయ్యలు, పొరలు అతికించిన రంగురంగుల కొయ్యలు అక్కడి అంగళ్ళలో సులభముగా దొరుకుతవి. అవి తేలిక, తేమకు ఉబ్బవు, వేటకు బాగుగనే ఉంటవి. అయితే వాటిని అమర్చుటకు సైనికపు ముందుకొయ్యను సగానికి కోసినవారు ఎందరో. కోసిన కొయ్యను ఎవరూ తిరిగి అతికింపలేరు. నాడు చవుకగా కొని కోసినవారి పిల్లలు నేడు ఆ పొడుగు కొయ్యకోసము ఎంతో సొమ్ము పోసి వెదకుచున్నారు.

నాటు తుపాకి విషయములో నా అభిప్రాయము కొంత వేరు. తెలంగాణలో భర్మారు అని పిలిచే మందు దట్టించే తుపాకి ఇందుకు మంచి ఉదాహరణ. 1946 నుండి 1951 వరకు సాగిన రైతు పోరాటములో ఆ పేరు ఊరూర వినబడినది. దాని గొట్టము ఒక కమ్మరిది, కొయ్య ఒక వడ్రంగిది. కొయ్య విరిగితే ఊరి వడ్రంగియే దొరికిన తుమ్మనో, టేకునో, జిట్రేగినో చెక్కి ఇచ్చేవాడు. ఇటువంటిదానికి కంపెనీ మూలభాగము అనే మాటయే వర్తించదు. విరిగినచోట చుట్టిన ఇనుపపట్టీయు, ఎగుడు దిగుడు ఉలిగాట్లును అందులో చదువదగిన అక్షరములు. దానిని నునుపుచేసి అందగింపజూచుట తాళపత్రమును సబ్బుతో కడుగుట వంటిది.

నిజాముల కాలపు జాగీర్దారుల ఇండ్లలోని రెండు గొట్టాల ఇంగ్లీషు తుపాకులది మరొక కథ. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పులివేటలో పేరుమోసినవాడు. ఆ కాలపు వేటసరదా లండను తుపాకి పనివారికి ఎంతో పని కల్పించినది. మేలైన తుపాకి కొయ్యను కొన్నవాని చేతి పొడవు, మెడ, భుజము కొలిచి, దర్జీ అంగరఖా కుట్టినట్లు చేసేవారు. పర్డే, హాలండ్ అండ్ హాలండ్ వంటి కంపెనీలు ఒక్కొక్క తుపాకి వివరాలను దాని సంఖ్యతో సహా ఖాతా పుస్తకములలో వ్రాసి ఉంచినవి. అందుచేత కొయ్య మూలమైనదో, తరువాత కంపెనీయే మార్చినదో ఆ సంఖ్యతో విచారింపవచ్చును. పట్టు దగ్గర చెక్కిన గళ్ళు అరిగినవని మరల చెక్కించినా విలువ తగ్గుతుంది.

మార్చిన కొయ్యను గుర్తుపట్టుటకు పైపై మెరుపును చూడరాదు. విప్పి లోపల చూడవలెను. పాత గాడిలో నూనె ఇంకి కొయ్య నల్లబడి ఉంటుంది, లోహపు అంచుల అచ్చు దిగి ఉంటుంది. లీ-ఎన్‌ఫీల్డు ముందుకొయ్య కొన క్రిందివైపున తుపాకి సంఖ్యయే ఉండవలెను. కొయ్య లోహముకంటె ఒక పిసరు పల్లముగా ఉంటే ఉప్పుకాగితము తగిలినదని అర్థము; ముద్రలు కూడ దానితోనే పోయి ఉంటవి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ రైఫిలు మడమను ఊడదీయవలెనంటే ముందుకొయ్యను మొదట తీయవలెను. మడమలోని పొడుగాటి మరమేకు కొన, ముందుకొయ్య వెనుకనున్న రేకులో చిక్కుకొని ఉంటుంది. ఆ సంగతి ఎరుగక మేకు త్రిప్పినవారు ఎన్నో మూలపు కొయ్యలను చీల్చివేసినారు.

అయితే కొయ్యను ఎప్పుడూ మార్చరాదా? పేల్చవలసిన తుపాకికి పిడి సన్నబడేచోట పగులు ఉంటే మార్చవలసినదే. గుండె ముందు పేలే వస్తువు విషయములో పాతదనముమీద ప్రేమ పనికిరాదు. చిన్న పగులును లోపల సీల వేసి, జిగురుతో అతికించుట నేర్పరులకు సాధ్యమే. పేల్చనక్కరలేనిదానికి ఆ అవసరము కూడ లేదు.

ఇక చట్టము. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకిని మార్చుటకును, మరమ్మతు చేయుటకును లైసెన్సు ఉండవలెను. కాబట్టి వీధి చివరి వడ్రంగికి తుపాకి అప్పగించుట ఆతనికిని మనకును ప్రమాదమే. దానిమీది సంఖ్యనూ, తయారుచేసినవారి గుర్తునూ చెరిపివేయుట నేరము. మరమ్మతు చేసినను పేలని పాతరకపు ఆయుధమునకు ఆ చట్టమే మినహాయింపు ఇచ్చినది. కాని పేలునో పేలదో నిర్ణయించుట ఇంటివారి పని కాదు. వారసత్వముగా వచ్చినదానికి లైసెన్సు లేనిచో పోలీసు స్టేషనులోనో, లైసెన్సు ఉన్న వ్యాపారి వద్దనో ఆలస్యము చేయక అప్పగించి, తరువాత దరఖాస్తు చేసికొనవలెను. 2019 సవరణతో ఒక వ్యక్తికి అనుమతించే తుపాకులు మూడు నుండి రెండుకు తగ్గినవి. నూరేండ్లు దాటిన పురావస్తువును 1972 చట్టము ప్రకారము ప్రయివేటువారు విదేశములకు పంపరాదు. అమెరికాలోని తమ్ముడు ముచ్చటపడినా సరే.

పాత కొయ్యను తీసివేయవలసివస్తే పారవేయకుడు. చల్లనియంత్రము గాలి నేరుగా తగిలితే కొయ్య ఎండి చీలుతుంది. గోడవారగా తడి తగిలితే ఉబ్బుతుంది. శుభ్రమైన నూలుబట్టలో చుట్టి, అది ఏ సంఖ్యగల తుపాకిదో, ఎప్పుడు ఎవరు మార్చినారో ఒక చీటీ మీద వ్రాసి దానితో ఉంచవలెను. మరలను కూడ ఒక చిన్న సంచిలో కట్టి అదే మూటలో వేయవలెను. అటువంటి మరలు ఈనాడు బజారులో దొరకవు.