ఫోన్ పలికింది, కాని లేచిందా?

ఉగాదినాడు మన సంఘంవారు నాటకం ప్రదర్శించే వేళను ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకోండి. దర్శకుడు తెర వెనుకకు తొంగిచూసి "కృష్ణుడు వచ్చాడా?" అని కేకవేస్తాడు. "వచ్చానండీ!" అని జవాబు వినిపిస్తుంది. ఆ మాట నమ్మి తెర తీయిస్తే, కిరీటం చేత పట్టుకొని పంచె సవరించుకుంటున్న కృష్ణుడు సభకు దర్శనమిస్తాడు. రావడం వేరు, సిద్ధం కావడం వేరు. సెల్‌ఫోన్ ప్రోగ్రాములను పరీక్షించే వారికి నిత్యమూ ఎదురయ్యే చిక్కు సరిగా ఇదే.

సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాలలోని మన కుటుంబాలలో ఈ వృత్తిలో ఉన్నవారు చాలామందే. రాత్రి పొద్దుపోయినా కంప్యూటర్ ముందు కూర్చున్న కోడలిని, స్వదేశం నుండి వచ్చిన అత్తగారు "ఇంకా దేనికోసమమ్మా?" అని అడిగితే, "ఫోన్ లేవాలి అత్తయ్యా" అనే సమాధానం వింతగా తోచవచ్చు. ఎందుకంటే, ఆ బల్లమీద ఫోన్ అనేదే లేదు!

ప్రోగ్రాములో చిన్న మార్పు చేసినా, దానిని మరల కూర్చి, పరీక్షించి, ఫలితం తెలిపే స్వయంచాలక ఏర్పాటును పైప్‌లైన్ అంటారు. ఈ రంగంలో ఆస్ట్రేలియా వెనుకబడి లేదు. 2002లో సిడ్నీలో నెలకొన్న అట్లాసియన్ సంస్థ 2007లో 'బాంబూ' అనే ఇటువంటి సాధనాన్ని వెలువరించింది. 2013లో మెల్‌బోర్న్‌లో బిల్డ్‌కైట్ సంస్థ ఆరంభమైనది.

ఈ పరీక్షలకు ప్రతిసారీ నిజమైన ఫోన్ అవసరం లేదు. ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము కంప్యూటర్ లోపలనే ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌ను అనుకరిస్తుంది. అయితే నిజమైన ఫోన్ వలెనే అదీ మెట్టుమెట్టుగా మేలుకోవాలి. మొదట లినక్స్ కెర్నెల్ లేస్తుంది. అది 'ఇనిట్' అనే తొలి ప్రక్రియను లేపుతుంది. పిదప 'జైగోట్' వస్తుంది. జీవశాస్త్రంలో సంయుక్త బీజానికి ఉన్న పేరే దీనికి పెట్టారు. అప్లికేషన్లన్నీ దీనినుండే జన్మిస్తాయి. ఆ తరువాత సిస్టమ్ సర్వర్, అందులో అప్లికేషన్లను స్థాపించే ప్యాకేజ్ మేనేజర్, చివరకు మనకు కనిపించే హోమ్ స్క్రీన్.

బయటి కంప్యూటర్‌తో సంభాషించే 'ఏడీబీ' సేవ ఈ వరుసలో ముందుగానే మేలుకుంటుంది. 'వెయిట్ ఫర్ డివైస్' అనే ఆజ్ఞ ఆ సేవ పలకగానే తన పని తీరిందనుకుంటుంది. అప్పటికి ప్యాకేజ్ మేనేజర్ లేచి ఉండకపోవచ్చు. ఆ క్షణంలో అప్లికేషన్‌ను స్థాపించబోతే పరీక్ష విఫలమవుతుంది. దోషం ప్రోగ్రాములో లేదు, మన తొందరలో ఉన్నది.

"అయితే రెండు నిమిషాలు ఆగుదాం" అనడం చాలామందికి తోచే ఉపాయం. కాని ఏ యంత్రానికి ఎంత కాలం చాలునో ముందుగా చెప్పలేము. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం తోడైతే ఎమ్యులేటర్ త్వరగా లేస్తుంది. అది లేనిచోట అనేక నిమిషాలు పట్టవచ్చు. క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే కంప్యూటర్ తరచుగా తానే ఒక అనుకరణ యంత్రం. దాని లోపల నడిచే మరొక అనుకరణకు ఆ సదుపాయం అన్నిచోట్లా లభించదు. కనుక నిర్ణీతమైన గడువు ఒకనాడు వృథా, మరొకనాడు చాలదు.

సరియైన మార్గం గడియారాన్ని కాక ఫోన్‌నే అడగడం. మేలుకోవడం పూర్తి కాగానే ఆండ్రాయిడ్ 'సిస్ బూట్ కంప్లీటెడ్' అనే గుర్తును 1గా మారుస్తుంది. కొన్ని సెకండ్లకొకసారి ఆ గుర్తును చూస్తూ, అది 1 అయిన పిమ్మట ప్యాకేజ్ మేనేజర్ కూడా బదులిస్తున్నదని నిర్ధారించుకొని పరీక్ష ఆరంభించాలి. దీనికి ఒక గరిష్ఠ పరిమితి ఉండాలి. అది దాటితే "ఫోన్ లేవలేదు" అని ప్రకటించాలే తప్ప, "ప్రోగ్రాము తప్పు" అని కాదు.

గూగుల్ 2017 డిసెంబరులో ప్రకటించిన 'క్విక్ బూట్' పద్ధతిలో, మేలుకొని ఉన్న స్థితిని భద్రపరచి, మరుసటిసారి అక్కడినుండే ఆరు సెకండ్లలోపు ప్రారంభించవచ్చు. అయితే పాత పరీక్షల మిగులు అందులో ఉండిపోతే కొత్త ఫలితం నమ్మదగినది కాదు. ప్రతిసారీ శుభ్రమైన స్థితినుండే మొదలుపెట్టాలి.

ఇంత చిన్న విషయానికి ఇంత శ్రమ ఎందుకని సందేహం కలుగవచ్చు. 'నాన్నా పులి' కథ మనకు తెలిసినదే. ఫోన్ లేవనందువల్ల పదేపదే ఎర్రదీపం వెలిగితే, ఇంజనీర్లు దానిని లెక్కచేయడం మానివేస్తారు; "మళ్ళీ నడిపితే సరి" అనుకుంటారు. నిజమైన లోపం వచ్చిననాడు కూడా అలాగే చేస్తారు. ఆ లోపం ఉన్నది బ్యాంకు అప్లికేషన్‌లో అయితే, నష్టపోయేది ఇంటికి డబ్బు పంపుకునే మనవంటివారే.

కనుక, దర్శకుడు అడగవలసినది "కృష్ణుడు వచ్చాడా?" అని కాదు, "కిరీటం పెట్టుకున్నాడా?" అని.