మోటారుబండి యకారణముగా నాగుట

దారి కడ్డముగా నేదైన వచ్చినపుడు, నడుపువారు పాదము కదల్పకున్నను తనంతట తానే బ్రేకు వేసికొను మోటారుబండ్లు నేడు లోకమున విస్తరించుచున్నవి. అమెరికాలో కాపురములు చేయుచున్న మన యాడుబిడ్డ లనేకులు వీనిని నడుపుచున్నారు. మన దేశమునకును నివి వచ్చినవి. కావున వీని గుణదోషములను సోదరీమణు లెరిగియుండుట మేలని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బండి ముందుభాగమున నుండు రాడారును, అద్దము వెనుక నుండు కెమేరాయు దారిని నిరంతరము కనిపెట్టుచుండును. ఢీకొనుట తప్పదని లోపలి గణకయంత్రము నిశ్చయించినచో రెప్పపాటులో బ్రేకు పడును. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై మొదలు క్రొత్తకారు లన్నిటికి నిది విధి యైనది. అమెరికా ప్రభుత్వము 2024 ఏప్రిలులో నిట్టి నిబంధననే ప్రకటించుచు, దీనివలన నేటేట 360 ప్రాణములైన దక్కునని లెక్కవేసినది.

అయినను, కావలికుక్క దొంగను జూచియే గాక, గాలికి గదలిన యాకును జూచియు మొరుగును గదా! లోహము రాడారు తరంగములను గట్టిగా త్రిప్పికొట్టును. అందుచే రైలుపట్టాలు దాటుచోట్లు, వంతెనలు, క్రిందికి వ్రేలాడు దారిదీపములు నొక్కొక్కప్పు డడ్డములుగా దోచును. నిస్సాను వారి రోగ్ బండ్లపై నిట్టి ఫిర్యాదులు రాగా, 2019లో అమెరికా రహదారి భద్రతాశాఖవారు విచారణ నారంభించిరి. 2022 ఫిబ్రవరిలో హోండావారి అకార్డు, సి.ఆర్.వి. బండ్లు సుమారు 17 లక్షలు విచారణకు వచ్చినవి. అప్పటికి చేరిన ఫిర్యాదులు 278. లెక్కకు స్వల్పమే. కాని వేగముగా బోవు దారిలో నూరక యాగిన బండిని వెనుకబండి గ్రుద్దుట కొక్కసారి చాలును.

అట్లని యంత్రమును బొత్తిగా నాపివేయుట తగదు. బెదరకుండుటకై దానిని మందగింపజేసినచో, నిజముగా బిడ్డ యడ్డము వచ్చిన వేళ నది మేల్కొనకపోవచ్చును. ఈ రెంటి నడుమ తూకము నిలుపుటయే నిర్మాతలకు గల చిక్కు.

మన చేతిలోని జాగ్రత్తలు కొన్ని గలవు. వెనుక గూర్చున్న వారును సీటుబెల్టు పెట్టుకొనవలెను. పసిబిడ్డను ఒడిలో నుంచుకొనక, తగిన యాసనమున గట్టి కూర్చుండబెట్టవలెను. ముందుబండికి జాలినంత యెడము విడువవలెను. అద్దమును, రాడారుండు చోటును దుడిచి శుభ్రముగా నుంచవలెను. బండి యూరక యాగినచో స్థలమును, వేళను వ్రాసియుంచి విక్రయశాలవారికి దెలిపి, క్రొత్త సాఫ్ట్‌వేరు వచ్చినదేమో యడుగవలెను. యంత్రము తోడు మాత్రమే; దారిపై చూపు మనదే కావలెను.